కారేది కార్బొరేటర్... పోయింది చిన్న నీడిల్!

మీ ఇంట్లో పాత బండి ఉందా? పొద్దున్నే దాని కింద తడి మచ్చ, వరండా అంతా పెట్రోల్ వాసన వస్తున్నాయా? అయితే తుక్కుకి వేసే ముందు ఇది చదవండి.

మా నాన్నది 1996 మోడల్ వంద సీసీ బండి. తెనాలిలో పాల ప్యాకెట్ నుంచి సాయంత్రం స్నేహితులంతా చేరే టీ కొట్టు దాకా ఆయన ఎక్కడికెళ్లినా దాని మీదే. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే బండికి కవర్ కప్పేసి ఉంది. “కారుతోందిరా. వంటింటి పక్కనే ఉందని మీ అమ్మ భయపడుతోంది” అన్నారు. మెకానిక్ కార్బొరేటర్ మొత్తం మార్చాలన్నాడట. అక్కేమో ఫోన్‌లో “ఆ డొక్కు అమ్మేసి ఎలక్ట్రిక్ స్కూటర్ కొనిద్దాంరా” అంటోంది. నాన్న ఎవరితోనూ వాదించలేదు. టీ కొట్టుకి వెళ్లడం మాత్రం మానేశారు. నాకు నచ్చనిది అదే.

అమ్మ భయం నిజమే. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోకుండా నేల మీదే పాకుతుంది. దగ్గర్లో స్టవ్ వెలిగిస్తే చాలు. అందుకే ముందు పెట్రోల్ కాక్ మూసేసి, బండిని బయటికి నెట్టి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాను.

కార్బొరేటర్ అంటే కంగారు పడక్కర్లేదు. మేడ మీద వాటర్ ట్యాంక్‌లో తేలే బంతి ఉంటుంది కదా? నీళ్లు నిండగానే పైకి లేచి కుళాయి మూసేస్తుంది. కార్బొరేటర్ కింది గిన్నెలోనూ అదే ఏర్పాటు. పెట్రోల్ నిండితే ఫ్లోట్ లేస్తుంది, అది ఒక చిన్న నీడిల్‌ని నెట్టి దారి మూస్తుంది. నీడిల్ సరిగ్గా కూర్చోకపోతే పెట్రోల్ ఆగదు, ఓవర్‌ఫ్లో పైపులోంచి బయటికొస్తుంది.

కాబట్టి విప్పడం కన్నా ముందు చూడటం ముఖ్యం. గిన్నె అంచు వెంట తడి ఉంటే రబ్బరు రింగు పోయినట్టు. అడుగున డ్రెయిన్ స్క్రూ దగ్గర చుక్కలుంటే అది బిగియలేదు. ఓవర్‌ఫ్లో పైపు నుంచి వస్తుంటే అనుమానం ఫ్లోట్ మీద, నీడిల్ మీద. మా బండికి ఈ పైపు నుంచే. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నెని మెల్లగా తడితే కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది. అంటే లోపల చెత్త ఉంది, కానీ సమస్య చెత్త ఒక్కటే కాదు.

గిన్నె స్క్రూలకి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడాలి. జపాన్ డిజైన్ బండ్ల స్క్రూలు మామూలు స్టార్ స్క్రూల్లాగే కనిపిస్తాయి కానీ గాడి కొంచెం వేరు. తొందరపడితే తల అరిగిపోయి ఇక తిరగవు. గిన్నె అడుగున గోధుమరంగు పొడి ఉంది, ట్యాంక్ తుప్పు. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి చూశా. లోపల చప్పుడు లేదు, చిల్లు పడలేదన్నమాట. ఫోన్ టార్చ్ వేస్తే నీడిల్ మొన చుట్టూ సన్నని గాడి కనిపించింది. ఏళ్ల తరబడి ఒకే చోట ఒత్తుకుని అరిగిపోయింది. దొంగ దొరికాడు!

పాత నీడిల్ జేబులో వేసుకుని వెళ్లి, పక్కన పెట్టి పోల్చి కొత్తది తెచ్చా. రబ్బరు రింగుతో కలిపి రూ.200 లోపే. నీడిల్ కూర్చునే చోటుని ఇయర్‌బడ్‌తో తుడిచా. జెట్ల జోలికి మాత్రం పిన్నీసుతో వెళ్లకండి. ఇత్తడి రంధ్రం కాస్త పెద్దదైనా మైలేజ్ పోతుంది.

స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ ఆయిల్ కూడా చూడాలి. ఓవర్‌ఫ్లో అయిన పెట్రోల్ ఒక్కోసారి ఇంజిన్‌లోకి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తే, మార్చేదాకా కిక్ కొట్టొద్దు. మాది బాగానే ఉంది.

తుప్పు మళ్లీ రాకుండా ట్యాంక్ కడిగించి, పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టించా. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని పీలుస్తుంది, పాతకాలం రబ్బరుకి అంతగా పడదు. అందుకే బండి ఆపగానే కాక్ మూయడం, నెలల తరబడి కదపకుండా ఉంచకపోవడం మంచిది.

మా నాన్నకి ఆ రెండో జాగ్రత్త చెప్పే పని పడలేదు. మర్నాడు సాయంత్రమే కవర్ తీసి టీ కొట్టుకి వెళ్లారు. వచ్చాక అక్కకి ఆయనే ఫోన్ చేశారు: “ఆ స్కూటరేదో మీ అమ్మకి కొనివ్వమ్మా. నాకు బండి ఉంది.”