రవీంద్రభారతిలో రెండు సాయంత్రాలు

హైదరాబాదులో లకడీకాపూల్ స్టేషన్ దగ్గర దిగి కొంచెం నడిస్తే రవీంద్రభారతి వస్తుంది. విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి జ్ఞాపకార్థంగా కట్టి 1961లో ప్రారంభించిన నాటకశాల అది. ఆసుపత్రి పనులకూ ఆఫీసు పనులకూ ఆ దారిన ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాము గాని, లోపల అడుగు పెట్టింది మాత్రం మొన్ననే.

మన సంఘాల్లో నాటకమన్నా సినిమా అన్నా ముఖం చిట్లించే పెద్దలున్నారు. మా ఇంట్లోనూ ఉన్నారు. అయినా 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రాన్ని ఊళ్ళో తెల్లగుడ్డ కట్టి చూపినప్పుడు చాపలు పట్టుకొని ముందుగా వెళ్ళి కూర్చున్నది ఆ పెద్దలే! క్రిస్మస్ నాటకంలో గొల్లవాని వేషానికి గొంగళి ఇచ్చేదీ వారే. అందుచేత ఈ విషయంలో మేము ఎవరినీ తప్పు పట్టము.

మేము వెళ్ళడానికి వేరే కారణముంది. డిగ్రీ పూర్తయిన మా పెద్దబ్బాయి, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళలు చదువుతానని పట్టుపట్టాడు. బి.యెడ్. చేయరా, నాలుగు మెతుకులు దొరుకుతాయని మేము. నెల రోజులు ఇంట్లో సరిగా మాటలు లేవు. చివరికి, "చూడకుండానే వద్దనకండి నాన్నా" అన్నాడు. ఆ మాట న్యాయంగానే తోచింది. శనివారం తెల్లవారుజామున నలుగురమూ నల్లగొండలో బస్సెక్కాము.

శనివారం సాయంత్రం సినిమా. రవీంద్రభారతి ఆవరణలోనే పైడి జైరాజ్ పేరుతో ఒక చిన్న ప్రదర్శనశాల ఉంది. జైరాజ్ కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి వెళ్ళి, మూకీల కాలం నుండీ హిందీ చిత్రాల్లో నటించి, 1980వ సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు పొందినవారు. భాషా సాంస్కృతిక శాఖవారు 2016లో ఇక్కడ శనివారాల్లో కొత్తవారి చిత్రాలు చూపడం మొదలుపెట్టి, దానికి 'సినివారం' అని పేరు పెట్టారు. మేము చూచిన మూడు చిన్న చిత్రాల్లో రెండు మాకు అంతగా పట్టలేదు. మూడవది ఎండిపోయిన బోరు దగ్గర కూర్చున్న రైతు కథ. మాటలు తక్కువ. మోటారు చప్పుడు ఆగిపోగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. మాకు తెలిసిన నిశ్శబ్దమే అది. తరువాత ఆ చిత్రం తీసిన కుర్రవాడు లేచి నిలబడితే, చూచినవారు ప్రశ్నలడిగారు. డబ్బు ఎక్కడిదని మేమడిగాము. స్నేహితులు తలా కొంత వేసుకున్నారట. తిరిగి వస్తుందా అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఆదివారం ఆరాధన, బంధువుల ఇంట భోజనం అయిన తరువాత మళ్ళీ అక్కడికే వెళ్ళాము. ఈసారి పెద్ద హాలులో సురభివారి 'మాయాబజార్'.

సురభి అన్నది కడప జిల్లాలోని ఒక ఊరు. తోలుబొమ్మలాట ఆడించుకొని బ్రతికే మరాఠీ మూలం గల కుటుంబాలవారు 1885లో ఆ ఊరిలో 'కీచకవధ' నాటకం వేశారు. వనారస గోవిందరావుగారు దానికి ఆద్యులు. ఆ ఊరి పేరే సమాజానికి పేరైంది. మగవారు చీర కట్టి ఆడవేషాలు వేసే ఆ రోజుల్లో వీరి స్త్రీలే ఆ పాత్రలు ధరించారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932)లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబాలలోనిదే. అంటే మన సినిమా మాటలు నేర్చింది ఈ నాటకాలవారి నోటనే.

తెర లేచింది మొదలు మా చిన్నది కుర్చీలో కూర్చోలేదు. తెరలు రెప్పపాటులో మారిపోతున్నాయి; అడవి ఉన్నచోట రాజభవనం. రెండు బాణాలు గాలిలో ఎదురై ఢీకొంటే నిప్పురవ్వలు రాలాయి. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్లు వాటంతటవే ఎగిరి వెళ్ళాయి. కంప్యూటరు లేదు, అంతా దారం, తీగ, కప్పీ, చేతివాటం. ఆట అయ్యాక అనుమతి అడిగి తెర వెనుకకు వెళ్ళాము. ముందు రాజవేషంలో పాడిన ఆయనే లుంగీ కట్టుకొని తెర చుడుతున్నాడు. ప్రక్కన ఒక అమ్మ, వేషం తీయకుండానే బిడ్డకు పాలిస్తున్నది. శేరిలింగంపల్లిలో వీరికొక కాలనీ ఉన్నది, కుటుంబాలు కుటుంబాలుగా అక్కడే ఉంటారు.

మా వాడు ఆయనను అడిగాడు, దీనితో ఇల్లు గడుస్తుందా అని. ఆయన దాచలేదు. "ఆట ఉన్ననాడు గడుస్తుంది బాబూ. లేనినాడు మా పిల్లలు వేరే పనికి పోతారు. సాయంత్రానికి మళ్ళీ ఇక్కడికే వస్తారు" అన్నాడు. మావాడు మారు మాటాడలేదు. కొంతసేపు ఆ తెర రెండవ కొసను పట్టుకొని చుట్టడంలో సాయం చేశాడు. ఆ చుట్ట ఎంత బరువో వాడి భుజం చూస్తే తెలిసింది.

ఆ వారమే రెండు దరఖాస్తులూ తెచ్చాడు, బి.యెడ్.కూ, రంగస్థల కళలకూ. రెండింటిమీదా మేము సంతకం చేశాము. ఏది వస్తుందో ఇంకా తెలియదు.

వెళ్ళదలచిన వారికి ఒక మాట. సురభివారి ఆట ఉందో లేదో ముందుగా విచారించుకొని బయలుదేరండి. చిన్నపిల్లలుంటే మొదటి వరుసల్లో కూర్చోకండి, అక్కడికి తీగలు కనబడతాయి. నడిమి వరుసల్లోనైతే బాణాలు నిజంగానే ఎగురుతాయి.