చక్రాల ఇంట్లో... కేజన్ల ఊళ్లకు!

అమెరికాలో చలికాలం అనగానే మంచు కప్పిన రోడ్లూ గడ్డకట్టిన చెరువులే గుర్తొస్తాయి. కానీ దక్షిణాన లూసియానాలో అదే చలికాలం పండగల కాలం. పెద్ద పెద్ద గిన్నెలు పొయ్యెక్కే కాలం. ఇంటినే చక్రాలమీద పెట్టుకుని ఆ ఊళ్లమధ్య ఓ వారం తిరిగితే కడుపు నిండుతుంది... నేలను పోగొట్టుకుని, వంటతోనూ పాటతోనూ నిలదొక్కుకున్న ఓ జాతి కథా తెలుస్తుంది.

న్యూ ఆర్లీన్స్ నుంచి పడమటికి రెండు గంటలకు పైగా ప్రయాణిస్తే లఫాయెట్ నగరం వస్తుంది. టెక్సాస్‌లోని హ్యూస్టన్ నుంచైతే మూడున్నర గంటలు. ఆ నగరం చుట్టూ వరి మళ్లు, చెరకు తోటలు, నాచు వేలాడే చెట్లు, మెల్లగా కదిలే వాగులు. అక్కడ వాగును 'బాయూ' అంటారు, జిల్లాను 'పారిష్' అంటారు. అలాంటి 22 పారిష్‌లను కలిపి 'అకేడియానా' అని 1971లో రాష్ట్ర శాసనసభ గుర్తించింది. కేజన్ల సీమ అదే!

ఎవరీ కేజన్లు?

వీళ్ల పూర్వికులు ఫ్రెంచివాళ్లు. 1604 నుంచీ ఇప్పటి కెనడా తూర్పు తీరంలో 'అకేడీ' అనే ప్రాంతంలో స్థిరపడ్డారు. సముద్రపు పోటును మట్టికట్టలతో ఆపి, ఉప్పునేలను పంటపొలాలుగా మార్చుకున్నారు. 1713లో ఆ ప్రాంతం బ్రిటిష్‌వాళ్ల చేతికి వచ్చింది. రాజుకు షరతుల్లేని విధేయత ప్రకటించమన్నారు. వీళ్లు ఒప్పుకోలేదు. అంతే, 1755లో బలవంతంగా ఓడలెక్కించడం మొదలైంది. పదివేల మందికి పైగా ఊళ్లు వదిలి పోవాల్సివచ్చింది. భార్య ఒక ఓడలో, భర్త మరో ఓడలో పడ్డ కుటుంబాలెన్నో. దారిలో రోగాలతో వేలమంది చనిపోయారు.

ఎక్కడెక్కడో చెదిరిపోయిన ఆ అకేడియన్లలో కొందరు 1765లో జోసెఫ్ బ్రూసార్ వెంట లూసియానా చేరారు. 1785లో ఫ్రాన్స్ నుంచి మరో ఏడు ఓడల్లో దాదాపు 1,600 మంది వచ్చారు. అకేడియన్, కేడియన్... పలకగా పలకగా కేజన్ అయింది. సెయింట్ మార్టిన్‌విల్ ఊళ్లోని అకేడియన్ స్మారక మందిరంలో ఓ గోడమీద అలా వచ్చిన దాదాపు మూడువేల మంది పేర్లుంటాయి. కేజన్ కుటుంబాలు అక్కడికొచ్చి తమ ఇంటిపేరు వెతుక్కుంటాయి. జరిగిన అన్యాయాన్ని బ్రిటిష్ రాణి అధికారికంగా అంగీకరించింది 2003లో... అంటే దాదాపు 250 ఏళ్ల తర్వాత!

చలికాలమే ఎందుకంటే...

లూసియానా వేసవి భరించడం కష్టం. ఉక్కపోత, దోమలు, తుపాన్ల భయం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం పగలు 16 - 18 డిగ్రీలు, రాత్రి 5 - 7 డిగ్రీల మధ్య ఉంటుంది. స్వెట్టరు చాలు. పైగా ఊరు తనకోసం తాను పండగ చేసుకునే రోజులవి.

డిసెంబరు మొదట్లో వెళితే చెరకు లారీలు ఎదురొస్తాయి. క్రిస్మస్ ముందురోజు రాత్రి లచర్, గ్రామర్సీ ఊళ్ల దగ్గర మిసిసిపి కట్టమీద పెద్ద పెద్ద మంటలు వేస్తారు. అచ్చం మన భోగిమంటలే! అక్కడి క్రిస్మస్ తాత 'పాపా నోయెల్' నదిమీద వస్తాడట, ఆయనకు దారి కనపడాలని ఆ మంటలు. ఇక ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పంది మాంసం పాడవకుండా ఉండేది చలిలోనే. అందుకే ఊరంతా కలిసి పందిని కోసి పంచుకునే 'బూషరీ' కూడా చలికాలపు ఆచారమే.

వీటన్నిటికీ పెద్దపండగ మార్డీ గ్రా. న్యూ ఆర్లీన్స్‌లో అదో భారీ ఊరేగింపు. మమూ, యూనిస్ లాంటి పల్లెపట్టుల్లో కథ వేరు. ముఖానికి ముసుగులు, తలకు పొడవాటి కూచి టోపీలు, రంగురంగుల గుడ్డపీలికల దుస్తులతో గుర్రాలెక్కి బయల్దేరతారు. మన గంగిరెద్దులవాళ్లలా ఇంటింటికీ వెళ్లి పాడి, ఆడి, 'గంబో'కి కావాల్సిన సరకులు అడుగుతారు. ఇంటాయన బియ్యమో ఉల్లిపాయలో ఇస్తాడు. లేదంటే బతికున్న కోడిని గాల్లోకి వదులుతాడు. బురదలో దాన్ని పట్టుకోవడమే అసలు వినోదం. సాయంత్రానికి ఊరంతటికీ గంబో వండుతారు. అర్ధరాత్రితో ఆట ఆపేయాలి. మర్నాటినుంచి ఈస్టర్ ముందు ఉపవాస దినాలు. ఈ పండగ 2027లో ఫిబ్రవరి 9న, 2028లో ఫిబ్రవరి 29న వస్తోంది.

ఇల్లు వెంటే ఉంటే...

మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉన్న బండిని అమెరికాలో ఆర్‌వీ అంటారు. అద్దెకూ దొరుకుతుంది. కేజన్ ఊళ్లు చిన్నవి, ఒకదానికొకటి దగ్గర. రోజూ హోటల్ మార్చే పని లేకుండా ఇలాంటి బండిలో తిరగడం హాయి. రాత్రిపూట నిలపడానికి ప్రభుత్వ పార్కులున్నాయి. ఉత్తరాన విల్ ప్లాట్ దగ్గర చికో, సెయింట్ మార్టిన్‌విల్ వైపు లేక్ ఫాస్ పాయింట్, దక్షిణాన అబెవిల్ దగ్గర పాల్మెట్టో ఐలండ్. కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇస్తారు. మార్డీ గ్రా వారానికి మాత్రం నెలల ముందే బుక్ చేసుకోవాలి.

జాగ్రత్తలూ ఉన్నాయి. పాత ఊళ్లలో ఓక్ చెట్ల కొమ్మలు రోడ్డుమీదికి వంగి ఉంటాయి. బండి ఎత్తెంతో కాగితంమీద రాసి డ్రైవరు ముందు అంటించుకుంటే మేలు. ఇరుకు వీధుల్లోకి పెద్ద బండితో వెళ్లడం కంటే దాన్ని పార్కులో వదిలి చిన్న కారులో తిరగడం సుఖం. చలిని మరీ తేలిగ్గా తీసుకోకూడదు. 2025 జనవరి 21న లఫాయెట్‌లో రికార్డు స్థాయిలో మంచు కురిసింది. అలాంటి రాత్రి వస్తుందని తెలిస్తే బయటి నీళ్ల గొట్టం విప్పేసి, ముందే బండిలోని ట్యాంకు నింపుకోవాలి. లేకపోతే పొద్దున్నే గొట్టంలో మంచుగడ్డే!

శాకాహారులకు ఈ వంటగదే రక్ష. కేజన్ వంటలో పంది మాంసం కలవనిది తక్కువ. కూరగాయల వంటకమన్నా అడిగి తీరాల్సిందే. చిన్న కుక్కరు, కందిపొడి, ఆవకాయ వెంట ఉంటే బెంగ ఉండదు. బియ్యం మోసుకెళ్లక్కర్లేదు... అక్కడ పండేదే వరి!

శనివారం యూనిస్‌లో...

వారం ప్రయాణంలో ఒక శనివారం యూనిస్‌లో గడిచేలా చూసుకోవాలి. మార్క్ సావోయ్ అనే కళాకారుడి అకార్డియన్ దుకాణంలో శనివారం పొద్దున సంగీతకారులు చేరడం దశాబ్దాలుగా వస్తున్న అలవాటు. వేదికా టిక్కెట్టూ ఉండవు. అకార్డియన్, ఫిడేలు, ఇనుప త్రికోణం... వచ్చినవాళ్లు వచ్చినట్టు వాయిస్తారు. ఆ వారం ఉందో లేదో ముందుగా కనుక్కుని వెళ్లడం మంచిది. ఆఫ్రికా మూలాలున్న ఇక్కడి క్రియోల్ జాతి సంగీతం 'జైడెకో'. దానికి రారాజు ఆపలూసస్‌కు చెందిన క్లిఫ్టన్ షెనియే.

కేజన్ల నాట్యసభను 'ఫే దోదో' అంటారు. 'బజ్జో' అని దానర్థం! తల్లులు పిల్లల్ని పక్కగదిలో జోకొట్టి వచ్చి నాట్యం చేసేవారట.

ఆ పాటలన్నీ ఫ్రెంచిలోనే ఉంటాయి. కానీ పాడే కుర్రాళ్లలో చాలామందికి ఇంట్లో వినపడే భాష ఇంగ్లిషు. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లిషునే బోధనా భాషగా చేసింది. ఆటస్థలంలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లలతో 'ఇకమీదట మాట్లాడను' అని వందలసార్లు రాయించేవారు. ఆ అవమానం గుర్తున్న తల్లిదండ్రులు తమ పిల్లలకు ఫ్రెంచి నేర్పలేదు. ఒక్క తరంలో తాడు తెగింది. 1968లో ప్రభుత్వమే ఫ్రెంచిని కాపాడటానికి ఓ సంస్థను పెట్టింది. ఇప్పుడు కొన్ని బడుల్లో లెక్కలు, సైన్సు కూడా ఫ్రెంచిలో చెబుతున్నారు. తాతా మనవడూ మాట్లాడుకుంటుంటే నడిమి తరం అర్థంకాక చూసే ఇళ్లూ ఉన్నాయి.

వరి మడిలో పంట రెండు!

యూనిస్ నుంచి క్రౌలీ వైపు వెళుతుంటే నీళ్లు నిలిచిన వరి మళ్లు కనిపిస్తాయి. కోతలైపోయాక నీళ్లెందుకు? క్రాఫిష్ కోసం. చూడటానికి డెక్కలున్న రొయ్యలా ఉంటుంది. ఎండాకాలమంతా బురదలో బొరియ చేసుకుని దాక్కుంటుంది. ఆకురాలు కాలంలో మడికి నీళ్లు పెట్టగానే పిల్లలతో బయటికొస్తుంది. వరిదుబ్బు ఆధారంగానే దానికి మేత తయారవుతుంది. మన కృష్ణా, గోదావరి జిల్లాల్లో చాలాచోట్ల వరి మళ్లు రొయ్యల చెరువులైపోయాయి. ఇక్కడ ఒకే మడిలో వరీ, క్రాఫిషూ వంతులవారీగా పండుతాయి.

జనవరిలో పట్టుబడి తక్కువ, ధర ఎక్కువ. మార్చి, ఏప్రిల్‌కి చవకవుతుంది. 2023 నాటి కరవుకు బొరియల్లోనే క్రాఫిష్ చచ్చిపోయి, ఆ మరుసటి చలికాలంలో ధరలు ఆకాశాన్నంటాయి. కారం, ఉప్పు, మసాలాలు వేసి మొక్కజొన్న కంకులు, బంగాళాదుంపలతో కలిపి ఉడికించి, కాగితం పరిచిన బల్లమీద కుమ్మరిస్తారు. అందరూ చుట్టూ నిలబడి చేత్తో వొలుచుకు తినడమే!

ఒక గిన్నె... నాలుగు జాతులు

కేజన్ వంట గుట్టంతా 'రూ'లో ఉంది. నూనెలో పిండి వేసి, ముదురు గోధుమరంగు వచ్చేదాకా వదలకుండా కలపాలి. మాడిందా, పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే. అందులో ఉల్లి, సెలెరీ, క్యాప్సికం పడతాయి. తర్వాత కోడి, పొగపెట్టిన సాసేజ్. అదే గంబో. అన్నంమీద పోసుకుని తింటారు. ఈ పేరు ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న మాట నుంచి వచ్చింది. చిక్కదనానికి వేసే ససాఫ్రాస్ ఆకుపొడిని నేర్పింది చోక్టా ఆదివాసులు. రూ ఫ్రెంచివాళ్లది. కారం మిరప అమెరికాలోనే పుట్టినా దాన్ని లోకానికి పంచినవాళ్లలో స్పెయిన్ వాళ్లు ముందున్నారు. ఒక్క గిన్నెలో ఇన్ని జాతుల చేతులు!

లఫాయెట్ పక్కనే ఉన్న స్కాట్ ఊరు 'బూడాన్' రాజధాని. పంది మాంసం, కాలేయం, అన్నం, ఉల్లికాడలు కలిపి పేగులో కూరి ఉడికిస్తారు. పెట్రోలు బంకుల్లోనూ వేడివేడిగా దొరుకుతుంది. కారు బానెట్‌మీద పెట్టుకుని తినేవాళ్లూ కనిపిస్తారు.

న్యూ ఐబీరియా దగ్గరి ఎవరీ ఐలండ్‌కు పేరు దీవే గానీ అది ఉప్పుగుట్ట. 1868 నుంచీ టబాస్కో మిరప సాస్‌కు పుట్టిల్లు. మిరప ముద్దను ఓక్ పీపాల్లో మూడేళ్ల దాకా ఊరబెడతారు. ఆవకాయ పెట్టడం తెలిసినవాళ్లకు ఆ గోదాములో వాసన కొత్తేమీ కాదు.

నీళ్లమీద 29 కిలోమీటర్లు

లఫాయెట్ తూర్పున అచాఫలాయా చిత్తడి అడవి మీదుగా దాదాపు 29 కిలోమీటర్ల వంతెన సాగుతుంది. కిందికి దిగి పడవెక్కితేనే అందం తెలిసేది. చలికాలంలో మొసళ్లు మగతలో ఉంటాయి, అరుదుగా కనపడతాయి. సైప్రస్ చెట్లు ఆకులు రాల్చి బోడిగా నిలబడతాయి. బదులుగా ఉత్తరాదినుంచి వలసొచ్చిన పక్షులు బాగా కనిపిస్తాయి.

ఇక ఆ నీళ్లు కలిసే తీరంవైపు వెళితే మనసు బరువెక్కుతుంది. 1932 - 2016 మధ్య లూసియానా తీరంలో దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల నేల నీళ్లపాలైంది. ఢిల్లీలాంటివి మూడు! వరదల భయంతో మిసిసిపికి కట్టలు కట్టారు. నది తెచ్చే ఒండ్రు పక్కనేలకు చేరడం ఆగిపోయింది. చమురు కంపెనీలు తవ్విన కాల్వల్లోంచి ఉప్పునీరు లోపలికి వచ్చింది. నేల కుంగుతోంది, సముద్రం పెరుగుతోంది. 2021 ఆగస్టులో వచ్చిన ఐడా తుపాను హూమా చుట్టుపక్కల వేల ఇళ్లను దెబ్బతీసింది. కొందరు కట్టుకున్నారు, కొందరు పైకి వెళ్లిపోయారు.

సముద్రాన్ని ఆపి నేల చేసుకున్నవాళ్ల మనవలే ఇప్పుడు సముద్రానికి నేల వదులుకుంటున్నారు. అయినా శనివారం పాట ఆగలేదు, గంబో గిన్నె దిగలేదు. వచ్చే చలికాలానికి ప్రయాణం వేసుకునేవాళ్లు తీరంవైపు ఓ రోజు ఎక్కువే ఉంచుకోవాలి. లఫాయెట్, యూనిస్ ఎప్పుడు వెళ్లినా ఉంటాయి. బాయూ చివరనున్న ఊళ్ల సంగతే చెప్పలేం.