కాలవ కట్టేశాకే ప్రయాణం

తుంగభద్ర గురించి రాసేవాళ్ళు ఎవరైనా పశ్చిమ కనుమల్లో గంగమూల దగ్గర మొదలుపెడతారు. తుంగ శృంగేరి మీదుగా, భద్ర లక్కవళ్ళి మీదుగా దిగివచ్చి శివమొగ్గ దగ్గర కూడ్లిలో ఒకటవుతాయి. హరిహరం దాటాక కొండలు వెనకబడి నది మైదానంలో పడుతుంది. మా పెదనాన్న ఇంట్లో ఈ భూగోళం ఎవరికీ పట్టదు. వాళ్ళ లెక్కలో తుంగభద్ర పుట్టేది హోస్పేట డ్యాం దగ్గర. పైనున్న మలెనాడు జూన్, జులై నెలల్లోనే గుర్తొస్తుంది. తీర్థహళ్ళి చూసినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. అక్కడ వాన కురిసిందని తెలిస్తే మాత్రం ఇక్కడ నారుమడికి విత్తనాలు నానేస్తారు.

డ్యాంకి 1945లో శంకుస్థాపన జరిగింది. ఒక గట్టు మద్రాసు రాష్ట్రానిది, రెండో గట్టు హైదరాబాదుది. సున్నం, సుర్కీ కలిపిన గచ్చుతో కట్టిన రాతిగోడ అది. 1953కి నీళ్ళు కాలవల్లోకి వచ్చాయి. కుడిగట్టు కాలవలు బళ్ళారి, కర్నూలు, అనంతపురం వైపు పోతాయి. ఎడమగట్టు కాలవ గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి మీదుగా రాయచూరు వైపు సాగుతుంది. మా కుటుంబం ఈ ఎడమ కాలవ పట్టుకుంది.

అప్పటిదాకా అది జొన్నా పత్తీ పండే నల్లరేగడి. వానను నమ్ముకుని బతికిన రైతుకి పొలం చదును చేసి, గట్లు వేసి, వరి పెట్టడానికి పెట్టుబడీ లేదు, అలవాటూ లేదు. ఆ సంగతి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలకు పాకింది. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదు వస్తాయన్న మాట మా దివిసీమలో కూడా వినపడింది. తాతయ్య సగం పొలం అమ్మి, పెద్దకొడుకుని వెంటబెట్టుకుని బయల్దేరాడు. మిగతా సగంతో చిన్నకొడుకు, అంటే మా నాన్న, ఊళ్ళోనే ఉండిపోయాడు. తాతయ్య వెళ్ళినప్పుడు అది హైదరాబాద్ రాష్ట్రం. 1956 నవంబరులో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి పోయింది, అదే జిల్లాలోని గద్వాల, ఆలంపురం తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌కి వచ్చాయి. తాతయ్య వేసుకున్న పాక కదలకుండానే ఆయన పొరుగు రాష్ట్రం మనిషైపోయాడు. దీని గురించి ఆయన బాధపడినట్టు ఎవరూ చెప్పరు. కాలవ అదే, పొలం అదే, శిస్తు కట్టే కచేరీలో భాష ఒక్కటే మారింది.

ఇలా వచ్చినవాళ్ళు వేసుకున్న ఊళ్ళని క్యాంపులంటారు. డెబ్బై ఏళ్ళు కావస్తున్నా, డాబాలు లేచినా, రామాలయాలు కట్టుకున్నా, ఆ పేరు పోలేదు. గంగావతి దగ్గర శ్రీరామనగర లాంటివి చిన్నపాటి పట్నాలయ్యాయి. అయినా చుట్టుపక్కల కన్నడిగులకు అవి క్యాంపులే, మా వాళ్ళు క్యాంపువాళ్ళే. మొదటి ఏళ్ళ సంగతులు నాయనమ్మ చెబితే వినాలి. వానొస్తే రేగడి బురదలో బండి ఇరుసుదాకా దిగేది. తాగడానికి కాలవ నీళ్ళే. చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపి, తేరుకున్నాక వాడుకునేవాళ్ళు. తేళ్ళకు భయపడి మంచం కోళ్ళ కింద నీళ్ళ ముంతలు పెట్టేవాళ్ళు. మగవాళ్ళు చెప్పే క్యాంపు కథలో ఎప్పుడూ ఎకరాలూ బస్తాలే ఉంటాయి. నాకు నాయనమ్మ కథే ఎక్కువ నచ్చేది, అందులో మనుషులుండేవాళ్ళు.

పక్క ఊరినుంచి నాట్లకు వచ్చే ఆడవాళ్ళే ఆమెకి కన్నడం నేర్పారు. జొన్నరొట్టె తట్టడం, వలిసెల పొడి కొట్టడం కూడా వాళ్ళ దగ్గరే నేర్చుకుంది. గోంగూర ఆ నేలకేం కొత్త కాదు. వాళ్ళు పప్పేసి ఉడికించి రొట్టెలో నంజుకుంటారు, ఈవిడ ఎండుమిరపకాయలతో రోట్లో నూరుతుంది. కొన్నాళ్ళకు రెండు గిన్నెలూ ఒకే పొయ్యి మీదకెక్కాయి. పెద్దమ్మ కాలానికి పొద్దున ఫలహారం మండక్కి ఒగ్గరణ, పక్కన మిరపకాయ బజ్జీ అయింది. పిల్లలు కన్నడ బళ్ళో చదివారు. అన్నయ్యకి కన్నడం రాయడం, చదవడం వచ్చు. తెలుగు మాట్లాడతాడు గాని పెళ్ళి శుభలేఖ చేతికిస్తే వదినవైపు జరుపుతాడు. వదిన గుడివాడ వైపు అమ్మాయి.

ఆ వదినే ఒకసారి అంది: "ఇక్కడ అన్నీ అలవాటయ్యాయి, సంక్రాంతి ఒక్కటే కాలేదు."

దాని వెనక కాలవ లెక్క ఉంది. డెల్టాలో సంక్రాంతి అంటే పంట ఇంటికొచ్చి, చేతిలో డబ్బూ తీరికా ఉండే రోజులు. క్యాంపులో జులైలో నీళ్ళొదిలితే ఆగస్టులో నాట్లు, నవంబరు డిసెంబరుల్లో కోతలు, ఆ వెంటనే రెండో పంట. జనవరి వచ్చేసరికి మడి బురదలో కూలీలుంటారు, వాళ్ళకి అన్నం పంపే పని ఇంట్లో ఉంటుంది. ఇల్లంతా తాళం వేసి పుట్టింటికి పోవడం కుదరని పని. అందుకే ఆ కుటుంబాల ప్రయాణాలన్నీ ఏప్రిల్ తర్వాతే, కాలవ కట్టేశాకే. పెళ్ళి ముహూర్తాలూ, గృహప్రవేశాలూ, మొక్కులూ ఆ సందులోనే దూర్చాలి. నీటి సలహా సమితి సమావేశం ఎప్పుడా అని మా వాళ్ళు ఎదురుచూసే తీరు చూస్తే నవ్వొస్తుంది. అందులో రెండో పంటకు నీళ్ళు ఇవ్వలేమని తేలిన ఏడాదే వదిన సంక్రాంతికి పుట్టిల్లు చూసింది. అరిసెలు తిన్నంత సేపూ అన్నయ్య మొహం ముడుచుకునే ఉన్నాడట.

వెళ్ళే దారి ఒకటే, అమరావతి ఎక్స్‌ప్రెస్. హోస్పేటలో ఎక్కితే బళ్ళారి, గుంతకల్లు, నంద్యాల, నల్లమల అడవి, మార్కాపురం, నరసరావుపేట, గుంటూరు. ఆ రైల్లో వేసవి రిజర్వేషను కోసం ముందునుంచీ కాసుక్కూచోవాలి. పోయేటప్పుడు సోనామసూరి బియ్యం బస్తా, వచ్చేటప్పుడు ఆవకాయ జాడీ. గంగావతి బియ్యమని పేరుబడ్డ ఆ సన్నబియ్యంలో బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 రకానిదే పెద్ద వాటా. డెల్టా విత్తనం డెల్టాకే బస్తాలో తిరిగొస్తుంటే మా అమ్మ, "మన దగ్గర దొరకవనా మోసుకొచ్చారు" అనకుండా తీసుకునేది కాదు. ఇప్పుడు రైలు గంగావతి, కారటగి దాటి సింధనూరు దాకా వచ్చింది. చిన్నపిల్లలతో హోస్పేట బస్సెక్కే బాధ తగ్గింది.

క్యాంపుల బాగు గురించి మురిసిపోతూ రాసేవాళ్ళు ఒక సంగతి దాటేస్తారు. ఈ ఆయకట్టు వేసింది ఎక్కువగా ఆరుతడి పంటలకు. ఎగువన కాలవ పక్కన పొలాలు కొన్నవాళ్ళు, అందులో మా వాళ్ళూ ఉన్నారు, వరి పెట్టారు. నీళ్ళు నిలబెట్టే పంట కాబట్టి కాలవ చివరనున్న మాన్వి, రాయచూరు రైతుకి చేరేది తగ్గింది. పైగా మురుగు పోయే దారి లేక రేగడి భూముల్లో చౌడు పైకి తేలి, సింధనూరు, గంగావతి వైపు కొన్ని చేలు తెల్లబడ్డాయి. పెదనాన్నతో ఈ మాటెత్తితే, "మేము రాకముందు ఇక్కడేముంది?" అంటాడు. జొన్న ఉంది, ఆ జొన్న తిన్నవాళ్ళున్నారు అని నాకు తోస్తుంది. కాలవ చివర్న ఉండడమంటే ఏమిటో దివిసీమవాళ్ళకి ఒకరు చెప్పాలా?

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటే కొట్టుకుపోయింది. మిగతా గేట్ల మీద బరువు పడకుండా వాటినీ ఎత్తారు. నిండిన జలాశయం కళ్ళముందే నదిలోకి పోతుంటే ఎడమ కాలవ పొడుగునా నాట్లు వేసినవాళ్ళకి నిద్ర లేదు. పూడిక వల్ల అసలే 133 టీఎంసీల డ్యాం 105కి చిక్కిపోయి ఉంది. వారం తిరక్కుండా, పారే నీళ్ళలోనే, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి సలహాతో అడ్డుపలకలు దించారు. వానలు మళ్ళీ పడ్డాయి, డ్యాం మళ్ళీ నిండింది.

ఆ నీళ్ళ దారి చెప్పి ముగిస్తాను. డ్యాం దాటాక నది హంపి బండరాళ్ళ మధ్య విడిపోయి పారుతుంది. విజయనగర రాజులు తవ్వించిన కాలవలు ఇప్పటికీ అక్కడి అరటితోటలకు నీళ్ళిస్తున్నాయి. ఆనెగొంది దగ్గర పుట్టిలో దాటొచ్చు. నవబృందావనం ఉన్న లంక అక్కడే. కంప్లి దాటి, సిరుగుప్ప దిగువన హగరి కలిశాక నదికి తెలుగు ఒడ్డు మొదలవుతుంది. ఎడమన రాయచూరు, కుడిన కర్నూలు. మంత్రాలయంలో మా వాళ్ళు తప్పకుండా ఆగుతారు. పుట్టువెంట్రుకలు, కొత్త ట్రాక్టరు, పరీక్ష ఫలితం, ఏదైనా రాఘవేంద్రస్వామి చెవిన వేయాల్సిందే. క్యాంపులో ఉంటూ ఏ రాష్ట్రపు దేవుడికి మొక్కాలన్న పేచీ లేకుండా ఆ ఒడ్డు సరిగ్గా సరిపోయింది. రాజోలిబండ ఆనకట్ట మీద కర్ణాటక, తెలంగాణ, ఆంధ్ర రైతుల తగవు పాతదే. సుంకేసుల దగ్గర్నుంచి కేసీ కాలవ కడపవైపు తిరుగుతుంది. కర్నూలు ఊరిని 2009 అక్టోబరులో ముంచింది ఈ నదే, హంద్రీతో కలిసి.

ఆలంపురం దాటాక తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. ఇక్కడ కథ తిరగబడుతుంది. పైన నీళ్ళకోసం జనం కదిలారు, ఇక్కడ శ్రీశైలం జలాశయం వెనక్కి జరిగేకొద్దీ నీళ్ళే జనాన్ని కదిపాయి. మునిగిన ఊళ్ళవాళ్ళకి క్యాంపుల్లో లాగా ఎకరానికి నాలుగెకరాల బేరం రాలేదు. సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్ళ కిందే ఉంటుంది. వాళ్ళు ఎలా స్థిరపడ్డారన్న సంగతికి ఇంకో వ్యాసం కావాలి.

అక్కణ్ణుంచి శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు అందాక మా ఊళ్ళో నారుమళ్ళకి పైవాళ్ళ మీద ఆధారపడటం తగ్గింది, ఆరా తీయడం మాత్రం తగ్గలేదు. ఆగస్టులో నాన్న పెదనాన్నకి ఫోన్ చేస్తే, క్షేమసమాచారాలకి ముందే మొదలయ్యే సంభాషణ ఇది.

"అన్నయ్యా, గేట్లెత్తారంట కదా, ఎన్ని?"

"ఎత్తార్లేరా. మాకు నిండాకే కదా నీకు."

"నాకు తెలీకేం. పిల్లలు వేసవికి వస్తున్నారా లేదా చెప్పు, టిక్కెట్లు అయిపోతాయి."