బ్యాక్‌టెస్ట్‌లో అందరూ కోటీశ్వరులే

కోడ్ రాసినవాడే టెస్ట్ కేసులు కూడా రాసుకుంటే అన్నీ పాసైపోతాయి. మన ఫీల్డులో వాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. షేర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం మన వ్యూహాన్ని మనమే పాత ధరల మీద నడిపించి, ఎక్సెల్‌లో పైకెళ్ళే గీత చూసి మురిసిపోతాం.

మా చిన్నాన్నది ఆళ్ళగడ్డ పక్కన పల్లె. పప్పుశనగ అమ్మగా వచ్చిన మూడు లక్షలు బ్యాంకులో ఉన్నాయి. ఇంజనీరింగ్ అయిపోయిన వాళ్ళబ్బాయి నాకో ఫైలు పంపాడు. యాభై రోజుల సగటు ధర రెండొందల రోజుల సగటుని దాటితే కొనాలి, కిందికి దిగితే అమ్మాలి. "అన్నా, 2005లో పెట్టిన లక్ష ఇరవయ్యేళ్ళలో ముప్పై లక్షలైంది. నాయన డబ్బు పెట్టేద్దామా?" అన్నాడు.

వాడి ఫైల్లో నేను చూసినవి కొత్తవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నా.

మొదటిది కంపెనీల జాబితా. వాడు ఈ రోజు నిఫ్టీ 50లో ఉన్నవాటినే తీసుకున్నాడు. అంటే బతికి బట్టకట్టినవన్నమాట. 2005లో నిఫ్టీలో మన సత్యం కూడా ఉంది. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చిన ఒక్కరోజులో ఆ షేరు దాదాపు 78 శాతం పడిపోయింది. నేటి జాబితాలో అది లేదు కాబట్టి వాడి లెక్కలో ఆ నష్టమూ లేదు. ఆ రోజుల్లో ఉన్న జాబితా తీసుకోవాలి.

రెండోది, సాయంత్రం ముగింపు ధర చూసి అదే ముగింపు ధరకి కొన్నట్టు లెక్కేశాడు. మార్కెట్ మూసేశాక తెలిసిన విషయంతో మూసేయకముందే ఎలా కొంటాం? మర్నాటి ప్రారంభ ధరతో వెయ్యాలి.

మూడోది ఖర్చులు. డెలివరీలో కొన్నా అమ్మినా 0.1 శాతం ఎస్టీటీ. ఏడాది లోపు అమ్మితే లాభం మీద 2024 జులై 23 నుంచి 20 శాతం పన్ను. బ్రోకరేజీ, స్టాంపు డ్యూటీ అదనం. వాడి ఫైల్లో ఇవేవీ లేవు.

నాలుగోది అసలైనది. "యాభై, రెండొందలే ఎందుకురా?" అంటే, నలభై జతలు ప్రయత్నించి బాగా వచ్చింది పంపాడట! ఆళ్ళగడ్డ శిల్పులు అక్కర్లేని రాయి తీసేస్తూ పోతే దేవుడు కనిపిస్తాడు. గతాన్ని కూడా అలా చెక్కుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు లాభం కనిపిస్తుంది. కానీ రేపటి రాయి ఇంకా క్వారీలోనే ఉంది కదా.

మరెలా పరీక్షించాలి? దీనికి అమెరికా పుస్తకాలు అక్కర్లేదు, నంద్యాల చాలు. అక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నాటిది. యంత్రంతో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ 47 శనగ అక్కడిదే. ఏ కొత్త రకాన్నయినా ఒక్క మడిలో బాగా కాసిందని రైతుకిచ్చెయ్యరు. కొన్ని సీజన్లు, వేర్వేరు ప్రాంతాల్లో, అప్పటికే వాడుకలో ఉన్న రకం పక్కన వేసి చూస్తారు. తర్వాత మినీకిట్ పేరుతో చిన్న సంచులు రైతుల పొలాల్లో వేయిస్తారు. అక్కడ నిలబడితేనే విడుదల.

మనమూ అంతే. 2005 నుంచి 2016 వరకు ధరలతో వ్యూహం తయారుచేసుకుని, 2017 తర్వాతవి దాచిపెట్టి చివర్లో ఒక్కసారే తెరవాలి. పక్కన పోలికకి మామూలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ ఉండాలి. దాన్ని దాటితే అప్పుడు పోయినా పర్లేదనుకునే చిన్న మొత్తంతో ఏడాదో రెండేళ్ళో నడపాలి. అది మన మినీకిట్.

ఇవన్నీ సరిచేసి మళ్ళీ నడిపితే, మావాడి వ్యూహం ఇండెక్స్ ఫండ్ కంటే కిందే తేలింది. మొహం మాడ్చుకున్నాడు గానీ, నాకైతే ఆ బ్యాక్‌టెస్ట్ పాసైనట్టే అనిపించింది. దాని పని లాభం చూపించడం కాదు, పనికిరానిదాన్ని జల్లెడ పట్టడం. సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన లెక్క ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందులో ఎంతమంది దగ్గర ఇలాంటి అందమైన గీతలున్నాయో!

మీ తమ్ముడో బావమరిదో ఇలాంటి ఫైలు పంపిస్తే, లాభమెంత అని తర్వాత అడగొచ్చు. ఎన్ని పక్కన పారేసి ఇది పంపావని ముందు అడగండి.