కోరెల్ ఫైల్లో ఇరుక్కున్న కుట్టు పేర్లు

పోస్టు కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి. డిజైను ఫైళ్ల గురించి. మనకేం పని అనుకోవద్దు, మీతోనే ఒక పని ఉంది.

జయంతికో, ఆగస్టు 9కో బ్యానర్ కొట్టించని వాళ్లు మన గ్రూపులో ఎవరూ ఉండరు. ఆలూరు అయినా, ఆదోని అయినా, ఎమ్మిగనూరు అయినా ఫ్లెక్సు షాపులో పని ఒకటే తీరు. కోరెల్‌డ్రా తెరుస్తారు, అను ఫాంట్లలో తెలుగు కొడతారు, ఫోటోలు పేరుస్తారు, వాట్సాప్‌లో ఒక జేపీజీ పంపుతారు. "చూసుకోండప్పా, తప్పులుంటే చెప్పండి" అంటారు. మనం పేర్లు చూస్తాం, ఎవరి ఫోటో పెద్దగా వచ్చిందో చూస్తాం (గొడవంతా అక్కడే), ఓకే అంటాం. ఫ్లెక్సు చేతికొస్తుంది. అసలు ఫైలు షాపు కంప్యూటర్లోనే ఉంటుంది.

2019 ఎండాకాలం సెలవుల్లో మా తండా పిల్లోళ్లం ఒక పని పెట్టుకున్నాం. మాలో ఒకడి దాది దగ్గర పాత ఫేటియా, కాంచళి ఉండేవి. ఆమె పెండ్లినాటివి. వాటిమీద కుట్టు ఒక్కో వరుస ఒక్కో రకం. ఆమె వేలు పెట్టి చూపిస్తా ఇది ఫలానా, ఇది ఫలానా అని పేర్లు చెప్పేది. మాకు ఒక్కటీ తెలీదు. మా అమ్మల్లో కూడా సగం మందికి తెలీదు, మిరపకాయ కోతలకని గుంటూరు దిక్కు, కట్టడం పనులకని బెంగళూరు దిక్కు తిరిగిన వాళ్లకు సూదిదారం పట్టే తీరిక యాడిది. అందుకే 12 కుట్లు ఫోటోలు తీసి, ఒక షాపులో ఆపరేటర్ అన్న పక్కన రెండు రాత్రులు కూర్చుని కోరెల్‌లో గీయించినాం. ఒక్కో బొమ్మ కింద దాది చెప్పిన పేరు. ఫ్లెక్సు వేసి తండా బడి గోడకు కట్టినాం. దాది వచ్చి చూసి నవ్వింది, "అద్దాలు మెరవడం లేదే" అనింది. ఫైలు కూడా అడిగి పెన్‌డ్రైవులో వేయించుకున్నాం.

2021లో దాది పోయింది. ఫ్లెక్సు ఎండకు వెలిసి, ఆఖరికి ఎవరింటి కొట్టం మీదనో కప్పుగా చేరింది. ఫ్లెక్సులన్నిటి గతీ అదే కదా.

తర్వాత 2023 జూలైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు, సండూరు దిక్కు లంబాణీ ఆడవాళ్లు 450 మందికి పైగా కలిసి కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కొట్టినారు. సండూరు మనకు ఎంత దూరం, బళ్లారి దాటితే సండూరే. ఆ వార్త చూసినాక ఆగస్టు 9కి మన కుట్టుతో టీషర్టులు వేయిద్దామని అందరికీ ఊపు వచ్చింది. హైదరాబాదులో ప్రింటు చేసే వాళ్లు "ఏఐ ఫైలు గానీ పీడీఎఫ్ గానీ పంపండి" అన్నారు. మా దగ్గర ఉన్నది సీడీఆర్. పెన్‌డ్రైవు పట్టుకుని ఆదోనిలో ఇంకో షాపుకి పోతే ఫైలు తెరుచుకోలేదు. గీసిన షాపులో కోరెల్ కొత్త వెర్షన్, ఇక్కడ పాతది. కొత్తదాంట్లో దాచిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. దాచేటప్పుడు వెర్షన్ తగ్గించి దాచే ఆప్షన్ ఉంటుంది, ఆ రోజు ఆపరేటర్ అది పెట్టలేదు. ఆ షాపు మూతపడి అప్పటికే ఏడాది దాటింది.

అక్కడినుండి మేము నేర్చుకున్నదే ఈ పోస్టు.

ముందు తెలియని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. జేపీజీ అంటే గుడ్డను ఫోటో తీసినట్టు. దగ్గరికి లాగితే చుక్కలు చుక్కలు అవుతుంది. వెక్టార్ ఫైలు అంటే సూది యాడ లేచింది, యాడ దిగింది, ఏ రంగు దారం అని రాసిపెట్టినట్టు. దాన్ని బొత్తాం అంత వేసినా, తండా గోడ అంత వేసినా గీత చెదరదు. తంటా ఏందంటే ఆ రాసిపెట్టే భాష ఒక్కో సాఫ్ట్‌వేరుకు ఒక్కోటి. కోరెల్‌ది సీడీఆర్, ఇల్లస్ట్రేటర్‌ది ఏఐ. సీడీఆర్ లోపల ఏం రాసి ఉంటుందో ఆ కంపెనీ బయటపెట్టలేదు. ఎస్‌వీజీ మాత్రం బహిరంగం, 2001లో వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ దాన్ని ఖాయం చేసింది. ఎస్‌వీజీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అక్షరాలు కనబడతాయి, చదువుకోవచ్చు.

మనుషులం మనమూ అట్లనే ఉన్నాం లెండి. ఇక్కడ సుగాలీలం, ఎస్టీ. బళ్లారి దాటితే లంబాణీలం, ఎస్సీ. మహారాష్ట్రకు పోతే బంజారాలం, విముక్త జాతి. ఫైలు ఒకటే, ఎక్స్‌టెన్షన్లు మూడు.

సీడీఆర్ విషయానికొస్తే, కంపెనీ చెప్పకపోయినా కొందరు కష్టపడి ఆ ఫైళ్ల గుట్టు విప్పినారు. లిబ్‌సీడీఆర్ అని ఒక ఉచిత పనిముట్టు రాసినారు. 2012 నుండి లిబ్రేఆఫీస్ డ్రా సీడీఆర్ ఫైళ్లను తెరుస్తోంది, తర్వాత ఇంక్‌స్కేప్ కూడా. రెండూ ఉచితం. పైరసీ కోరెల్ వెతుక్కునే పని లేదు, పెన్‌డ్రైవులోకి వైరస్ తెచ్చుకునే పని అంతకన్నా లేదు. కర్నూలు హాస్టల్లో మాలో ఒకరి లాప్‌టాప్‌లో ఇంక్‌స్కేప్ ఎక్కించి ఫైలు తెరిచినాం. తెరుచుకుంది! 12 కుట్ల గీతలూ వచ్చినాయి. నీడలు, కోరెల్‌లో పవర్‌క్లిప్ చేసినవి కొన్ని చెదిరినాయి, అవి పోతే పోనీ.

పేర్లున్న చోట మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు.

మన తెలుగు డీటీపీ చరిత్ర అంతా ఈ ముడిలోనే ఉంది. తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే ఎక్కింది. అయినా షాపుల్లో వాడేది పాత పద్ధతి ఫాంట్లే. వాటిలో కంప్యూటర్ దృష్టికి ఉండేది ఇంగ్లీషు అక్షరమే, దానికి తెలుగు ముక్కల వేషం వేస్తారు. ఒక ముక్క తలకట్టు, ఒక ముక్క వత్తు. ఫాంటు ఉన్నంతవరకు తెలుగు, ఫాంటు తీసేస్తే వేషం ఊడిపోతుంది. షాపు వాళ్లను తిట్టి లాభం లేదు, కోరెల్ పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు పెడితే వత్తులు విడివిడిగా పడతాయి, వాళ్ల పని ఆగిపోతుంది. అందుకే వేరే చోటికి ఫైలు పంపేటప్పుడు అక్షరాలన్నీ కర్వ్స్ చేస్తారు. కోరెల్‌లో కంట్రోల్ క్యూ కొడితే చాలు. ఇంక యాడ తెరిచినా ఆకారం చెదరదు. కానీ అప్పటినుండి అది అక్షరం కాదు, ఉట్టి గీత. వెతికితే దొరకదు, దిద్దడానికి రాదు, కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టుకోవడానికి రాదు. చదవగల మనిషి కళ్లే దానికి దిక్కు.

మా ఫైల్లో కర్వ్స్ చేయకుండా ఉండటం మా అదృష్టమో ఆపరేటర్ బద్ధకమో గానీ, అక్షరాలు ఇంగ్లీషు వేషంలోనైనా మిగిలినాయి. పాత ఫాంట్ల నుండి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. అందులో వేసినాం. ఒక్కో పేరు తెలుగై బయటికి వస్తుంటే హాస్టల్ రూములో ఎవరమూ మాట్లాడలేదు. కిలన్. వేలె. మాకి. రేలో. నాక్రా. దాది చెప్పినప్పుడు ఆ గొంతు ఎట్లుండేదో అట్లనే వినబడింది. సండూరు లంబాణీ కుట్టుకు జీఐ గుర్తింపు ఉంది కదా, వాళ్ల దగ్గర 14 రకాల కుట్ల పేర్లు రాసిపెట్టి ఉన్నాయి. పోల్చి చూస్తే దాది చెప్పినవి చానా వరకు అవే. సరిహద్దుకు ఈ పక్క మా తండాలోనూ అవే పేర్లు అని మాకు రుజువు దొరికింది ఆ రాత్రే. ఎవరన్నా మీకు ఆ కుట్టు యాడిది అంటే చూపించను ఒక కాగితం అంటూ ఉంది ఇప్పుడు.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగులో, ఆ పక్క కన్నడలో, ఇంకా పైన దేవనాగరిలో రాసుకుంటాం. కన్నడ దిక్కు కూడా బరహ, నుడి ఫాంట్లతో పాత ఫైళ్లు చానా ఉన్నాయి, వాళ్లదీ ఇదే బాధ. గోండు అన్నలను చూడండి, ఆదిలాబాద్ గుంజాల గ్రామంలో దొరికిన లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఇప్పుడు వాళ్లు రాసింది గీతగా కాకుండా అక్షరంగానే ఒక ఫోన్ నుండి ఇంకో ఫోన్‌కి పోతుంది.

ఇక టీషర్టుల సంగతి. మార్చేటప్పుడు మాకు తగిలిన దెబ్బలు చెప్తాం, మీకు తగలకుండా. పేర్లను యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసినాం, ఫాంటు రామభద్ర. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ఎన్టీఆర్ అన్నీ ఉచితమే. ఒక కాపీ అక్షరాలతోనే ఎస్‌వీజీగా దాచినాం. ఇంకో కాపీలో అక్షరాలను పాత్ చేసి, అంటే కర్వ్స్ మాదిరే, ప్రింటుకు పీడీఎఫ్ పంపినాం. మొదటిది ఇంట్లో ఉండే విత్తనం, రెండోది మార్కెట్‌కు పోయే గింజ అనుకోండి. ప్రింటు వాళ్లు ఇల్లస్ట్రేటర్‌లో కొంచెం సర్ది ఎస్‌వీజీ తిరిగి పంపితే, మా దగ్గర 4 అంగుళాల బొమ్మ 3 అంగుళాలై తెరుచుకుంది. ఇల్లస్ట్రేటర్ అంగుళానికి 72 లెక్క, ఇంక్‌స్కేప్ 96 లెక్క. కంగారు పడొద్దు, కొలత సరిచేసుకుంటే సరిపోతుంది. రంగు మాత్రం సరిపోదు. స్క్రీన్ మీద మెరిసే ఎరుపు ప్రింటు సిరాలో మసకబారుతుంది. ఫేటియా ఎరుపు ఆ టీషర్టు మీద ఇటుక రంగైంది. ముందుగా ఒక ముక్క ప్రింటు తీయించి చూడండి, ఆ పది రూపాయలు దండగ కాదు.

బెంగళూరులో ఉన్న మావాడొకడు మిషన్ ఎంబ్రాయిడరీ వాళ్లను అడిగితే డీఎస్టీ ఫైలు కావాలన్నారు. అది ఇంకో లోకం. అందులో బొమ్మ ఉండదు, సూది ఎటు జరగాలో మాత్రమే ఉంటుంది, రంగు కూడా ఉండదు. ఇంక్‌స్కేప్‌కి ఇంక్‌స్టిచ్ అని ఉచితంగా ఒక తోక తగిలించుకుంటే ఎస్‌వీజీ నుండి అది కూడా తయారవుతుంది. తయారు చేసినాం కూడా. కుట్టించాలా వద్దా అని మాత్రం మాలో మాకే తగువు. మిషను వేస్తే అందరికీ చవకగా దొరుకుతుంది అని కొందరు. చేత్తో కుట్టే ఆడవాళ్ల కూలి ఇంకా పడిపోతుంది, అద్దం లేని కుట్టు మనది యాడైంది అని కొందరు. మా ఎక్కువమంది మాట రెండోదే. అందుకని డీఎస్టీ ఎవరికీ ఇవ్వలేదు. ఎస్‌వీజీ, పీడీఎఫ్, పేర్ల జాబితా మాత్రం గ్రూపు ఫైళ్లలో పెట్టినాం, తండాల పిల్లలు ఎవరైనా తీసుకోండి. ఇంకొకరికి పంపితే ఫోటోగా పంపొద్దు, డాక్యుమెంటుగా పంపండి.

బ్యానర్ కొట్టించేటప్పుడు కూడా డబ్బులిచ్చే ముందే అడగండి, "అన్నా, వెర్షన్ తగ్గించి సీడీఆర్ ఒకటి, పీడీఎఫ్ ఒకటి, మాటలు విడిగా ఒకటి" అని. కొందరు ముఖం మాడుస్తారు. అడగండి. మన పెద్దల పేర్లు, మన ఊర్ల పేర్లు అందులో ఉంటాయి.

ఇప్పుడు మీతో పని. 12 పేర్లలో 11 తేలినాయి. తొమ్మిదో బొమ్మ కింద పేరుకు మాత్రం వేరే ఫాంటు వాడినారు. ఆ ఫాంటు పేరు ఫైల్లో ఉంది గానీ ఫాంటు ఎవరి దగ్గరా దొరకలేదు, కన్వర్టర్ చేతులెత్తేసింది. 2019 నాటి వాట్సాప్ జేపీజీలో అది నలకలు నలకలుగా ఉంది. మొదటి అక్షరం 'జ' అనో 'బ' అనో మాలో ఒక్కొక్కరు ఒక్కో మాట. కింద ఆ కుట్టు బొమ్మ పెడుతున్నాం. నిలువు గీతల మీద చిన్న చిన్న ముక్కోణాలు, అంచు వెంబడి వేసేది. ఈ ఆదివారం మీ దాదికో నానికో చూపించి అడగండి. ఏ పేరు చెప్తే ఆ పేరు, వాళ్లు పలికినట్టే, కామెంట్లో తెలుగులో టైపు చేయండి.