మాట ఆగినా ఫర్వాలేదు!

తినాలని ఉండేది మసాలా దోసె. సర్వరు ఎదురుగా నిలబడేసరికి ‘మ’ దగ్గరే నోరు ఆగిపోతుంది. ‘ఇడ్లీ’ అనేసి ఊరుకుంటారు. ఫోన్ మోగితే పక్కవాళ్లకి అందిస్తారు. నత్తి ఉన్న చాలామందికి మాట తడబడటం కన్నా దాన్ని దాచుకోవడమే పెద్ద కష్టం. అమెరికన్ మనస్తత్వవేత్త జోసెఫ్ షీహాన్ నత్తిని నీళ్లలోని మంచుకొండతో పోల్చింది అందుకే. పైకి కనిపించేది కొంతే, సిగ్గూ భయమూ అడుగునుంటాయి.

ఆ అడుగుభాగాన్ని కరిగించేవే స్వయంసహాయక బృందాలు. అమెరికాలో ఇలాంటి సంఘం 1977లో మొదలైతే, మనదేశంలో ‘ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్’ 2008లో మొదలైంది. ఇలాంటి బృందాల్లో ఒకరి మాటను మరొకరు పూర్తిచేయరు. చెప్పేవాళ్లు ఎంతసేపు ఆగితే వినేవాళ్లూ అంతసేపు ఆగుతారు. కావాలనే నత్తితో మాట్లాడటం, అందరి ముందూ ఫోన్ చేయడం సాధన చేస్తారు.

పెద్దవాళ్లలో దాదాపు నూటికొకరికి నత్తి ఉంటుంది. అయినా, ‘నాకొక్కడికే’ అనుకుంటూ ఏళ్లు గడిపేసేవాళ్లే ఎక్కువ. తనలాగే ఆగే మరో గొంతు విన్నరోజున సగం బరువు దిగిపోతుంది.

బృందం స్పీచ్ థెరపీకి ప్రత్యామ్నాయం కాదు. నత్తి పూర్తిగా పోతుందన్న హామీ కూడా ఇవ్వదు. మాట్లాడే ధైర్యాన్నిస్తుంది. ఇంట్లోవాళ్లూ ఓ సాయం చేయొచ్చు... మాట అందించకుండా, చివరిదాకా వినడం!