రెండు పెన్సిల్ గుర్తులు

ఉప్పల్ రింగురోడ్డులో బస్సు దిగేసరికి పొద్దున ఎనిమిదైంది. రాత్రంతా నిద్ర లేదు. ఆటో ఎక్కి నాచారంలో మా పెదనాయన ఇంటికి పోయాను. చాయ్ చేతికిస్తూనే ఆయన మొదలుపెట్టారు.

"చెరువు కాడికెల్లి ఇండస్ట్రియల్ ఏరియా గోడ దాకా మా తాతదే భూమి. పట్టా ఆయన పేరు మీదనే ఉండె. సేద్యమంతా మా నాయనమ్మ చూసేది. ఖాస్రా పహాణీల చూడు బిడ్డా, దొరుకుతది."

పహాణీ నకలు తమ్ముడు ముందే తెచ్చి పెట్టాడు. ఖాస్రా పహాణీ అంటే 1954-55లో తెలంగాణ ఊళ్లలో రాసిన పొలాల లెక్క. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, సాగులో ఉన్న మనిషి, ఇట్లా గడులుంటాయి. మా నకలులో ఇంటిపేర్లు లేవు. పేరు, 'వల్ద్' అని తండ్రి పేరు, అంతే. వంశం వెతికేవాళ్లకు ఆ 'వల్ద్' ఒక్కటే మెట్టు. దాని మీద కాలు పెడితే ఒక తరం వెనక్కి పోవచ్చు.

రాత ఉర్దూలో, అదీ షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంది. దాన్ని చదివే పెద్దాయన కోసం గోడౌన్ల పక్కగా నడిచి, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి తార్నాకలో దిగాను. ఆయన ముందు పైనున్న ఫసలీ సంవత్సరం చూశారు. 1364. దానికి 590 కలిపి 1954 అన్నారు. తర్వాత వేలుతో ఒక్కో గడీ చదివారు. పట్టాదారు గడిలో మాకు తెలియని పేరుంది. సాగు గడిలో మా ముత్తాత పేరుంది. నాలుగు వరుసల కింద మళ్లీ అదే పేరు, తండ్రి పేరు మాత్రం వేరు. రెంటికీ పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. ఇద్దరిలో మా ముత్తాత ఎవరో నేను తేల్చుకోలేకపోయాను.

సాయంత్రం నకలు పెదనాయన చేతికిచ్చాను. తాత పేరే ఆయనకు పెట్టారు. మొదటి గుర్తు మీద వేలు పెట్టి, "ఈయన తండ్రి పేరేంది?" అన్నారు. చెప్పాను. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. ఆయన రెండుసార్లు మెల్లగా పలికారు.

"మరి నాయనమ్మ పేరు యాడుంది?"

లేదన్నాను. ఆయన కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు.